అక్షరాల మీద కాలు

నాకు ముక్కు మీద కోపం. ఈ మాట మా అమ్మ చిన్నప్పటి నుంచీ అంటూనే ఉంది. ఉద్యోగంలో చేరాక ఇద్దరు ముగ్గురు అధికారులు కూడా అన్నారు. నేను మాత్రం అది కోపం కాదు, పట్టుదల అని దబాయించేదాన్ని. ఈ కథ జరిగాక దబాయించడం మానేశాను.

నా పేరు శ్రీవాసవి. సొంతూరు కోయిలకుంట్ల, మా నాన్నది అక్కడ కిరాణా అంగడి. ఉద్యోగం మాత్రం కోసిగి దాటి ఇంకా పడమటికి పోతే వచ్చే తిప్పనహళ్లిలో. మాది ఒక్క టీచరుండే బడి. పాఠం చెప్పేది నేనే, గంట కొట్టేది నేనే, మధ్యాహ్నం అన్నంలో గుడ్డు అందరికీ వచ్చిందో లేదో చూసేదీ నేనే. ఐదు తరగతులు, నలభై ఒక్క మంది పిల్లలు, ఒక పెద్ద గది, ఒక వరండా.

ఆ ఏడు డిసెంబరులో నా పట్టుదలంతా శివాని అనే పిల్ల మీద పడింది. మూడో తరగతి. చురుకైన పిల్ల, రెండు నిమిషాలు ఒకచోట కూర్చోదు. అక్షరాలు మాత్రం పది కూడా రావు. తెలివి లేక కాదు. మా పడమటి ఊళ్లలో పంటలు అయిపోగానే కుటుంబాలకు కుటుంబాలే సుగ్గికి పోతాయి. సుగ్గి అంటే వలసే, పేరు అందంగా ఉంది, అంతే. గుంటూరు వైపు మిరప చేలల్లో కాయలు కోసి మళ్లీ ఉగాదికి వస్తారు. శివాని ఒకటో తరగతిలో పోయింది, రెండో తరగతిలో పోయింది. ఉగాదికి తిరిగొచ్చేసరికి పలక మీద తుడిచేసినట్టు అంతా పోయేది.

ఈసారి నేను ముందే వాళ్లింటికి వెళ్లి గొడవ పెట్టుకున్నాను. శివాని నాయన పరమేష్, తల్లి మహేశ్వరి ఇద్దరూ నేలచూపులు చూశారు. మాట్లాడింది పరమేష్ తల్లి జీవమ్మ. అరవై దాటిన మనిషి, సన్నగా, నిటారుగా ఉంటుంది.

"ఇంట్లో పెద్ద దిక్కు ఒకరుండాల గదా టీచరమ్మా. పిల్లను ఈడ ఇడిసిపెట్టాలంటే నేను నిలిచిపోవాల. పెళ్లయినకాన్నుంచి నేను సుగ్గి తప్పింది లేదు. సరే, బండి వచ్చేలోపల దీనికి నాలుగచ్చరాలు వస్తాండాయని సూపిచ్చు, నిలుస్తా. రాలేదంటే అది మాతో వస్తాది."

"చూపిస్తాను" అని గట్టిగా చెప్పి వచ్చేశాను. చేతిలో ఇరవై రెండు రోజులు ఉన్నాయి. ఎలా చూపించాలో మాత్రం తెలియదు. వాచకం, పలక, బెత్తం లేని బెదిరింపు, అన్నీ అప్పటికే వాడి చూశాను.

మా టీచర్ల గ్రూపులో ఎవరిని అడిగినా ఒకటే మాట, నెట్లో అన్నీ ఫ్రీగా ఉన్నాయి కదా మేడం అని. ఉన్నాయి, కాదనను. కానీ వాటిని వెతికి పట్టుకోవడానికి ఇంకొక ఉద్యోగం చేయాలి. తిప్పనహళ్లిలో సిగ్నల్ వచ్చేది నీళ్ల ట్యాంకు మెట్ల మీద మాత్రమే. బడి వదిలాక, కోసిగిలో నేనుండే ఇంటికి పోయే ఆటో వచ్చేదాకా అక్కడ కూర్చుని ఫోన్ గీకుతూ ఉండేదాన్ని. ఉచితం అని పెద్ద అక్షరాలతో ఉంటుంది, నొక్కితే కార్డు నంబరు అడుగుతుంది. ఇంకోటి డౌన్‌లోడ్ అవుతుంది, తెరిస్తే తెలుగు ఉండాల్సిన చోట ఖాళీ డబ్బాలు. మరో చోట అంకెలు నేర్పడానికి మంచు మనుషుల బొమ్మలు లెక్కపెట్టమన్నారు. మా పిల్లలకు దుమ్ము తెలుసు, ఎండ తెలుసు, ఆ బొమ్మను చూసి ఒకడు "ఈయప్ప ముక్కు కాడ క్యారెట్ ఎందుకుండాది టీచర్" అని అడిగాడు. ఆ కాగితం తీసి బీరువాలో పెట్టాను.

మంచివీ దొరికాయి. ప్రభుత్వం యాప్‌లో పాఠాల వీడియోలు బాగున్నాయి. ఒకచోట చిన్న చిన్న తెలుగు కథలు, బొమ్మలతో సహా, ఎవరైనా అచ్చు వేసుకోవచ్చని రాసి పెట్టారు, వాళ్ల కడుపు చల్లగా ఉండాలి. కానీ అవి చదవడం వచ్చిన పిల్లలకు. శివానికి వీడియో పెడితే అందులోని పిల్లిని చూసి నవ్వేది, అక్షరం వైపు చూసేది కాదు.

పదిహేనో రోజు దొరికింది. ఎక్కడో దూరాన ఒక టీచర్ తయారుచేసి అందరికీ ఉచితంగా వదిలిన కాగితాలు. ఒక్కో కాగితం నిండా ఒక్కో అక్షరం, అన్నం కంచమంత. వాటిని నేల మీద అతికించాలి. టీచర్ ఒక అక్షరం పలికితే పిల్లలు పరిగెత్తి దాని మీదికి దూకాలి. కదలకుండా కూర్చోలేని పిల్లలకు బాగా పనిచేస్తుంది అని రాసి ఉంది. కింద వందకు పైగా మెచ్చుకోళ్లు, అన్నీ టీచర్లవే. నాకు ట్యాంకు మెట్ల మీదే గంతులు వేయాలనిపించింది.

మర్నాడు కోసిగిలో అచ్చు తీయించడానికి సుదర్శన్ జిరాక్సు అంగడికి వెళ్లాను. అతను కాగితాలు బయటికి వస్తుంటే ఒక్కొక్కటే తిప్పి తిప్పి చూశాడు.

"ఏంది మేడం, కాయితానికి ఒక్క అచ్చరమేనా? అన్నీ ఒకదాంట్లోనే పట్టిస్తా గదా, కాయితం దండగ."

"దండగ కాదప్పా, నువ్వు నొక్కు" అన్నాను.

బుధవారం పొద్దున వరండా అంతా కాగితాలు పరిచి, నాలుగు వైపులా టేపు వేసి, పిల్లల్ని వరసగా నిలబెట్టాను. ఆట చెప్పాను. "అ" అని అరిచాను. ఒక్కరూ కదల్లేదు. వినబడలేదేమోనని మళ్లీ అరిచాను. అందరూ వరండా అంచున కాలివేళ్లు మడుచుకుని నిలబడ్డారు. నాకు కోపం వచ్చింది. "శివానీ, నువ్వు దుంకు" అన్నాను.

శివాని దూకింది. దూకిన వెంటనే వంగి ఆ కాగితాన్ని తాకి, చేతిని కళ్లకద్దుకుంది. "ఆ" అన్నాను. మళ్లీ దూకింది, మళ్లీ వంగింది, మళ్లీ కళ్లకద్దుకుంది. ఆమె వెనకాల ఇంకో నలుగురు అలాగే. ఆట కాస్తా పూజ అయిపోయింది. నాకు నవ్వొచ్చింది, తర్వాత విసుగొచ్చింది. "మొక్కడాలు మానండి. ఇది ఆట. దుంకండి, అంతే" అని గదమాయించాను.

టీచర్ చెప్పింది కదా, మానేశారు. గంటలో వరండా దద్దరిల్లింది. శివాని ఆ రోజు ఏడు అక్షరాలు, మర్నాడు ఇంకో ఆరు గుర్తుపట్టింది. రెండేళ్లలో రానివి రెండు రోజుల్లో వచ్చాయి. పట్టలేని సంతోషంతో గురువారం ఒక వీడియో తీశాను. శివాని "క" మీద, "గ" మీద, "మ" మీద రెండు కాళ్లతో ధబ్బు ధబ్బుమని దూకుతూ, పేరు అరుస్తూ ఉన్న వీడియో. దాన్ని తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో పెట్టి, "శివాని ఎంత బాగా నేర్చుకుంటోందో చూడండి" అని రాశాను. అందరూ చూసినట్టు గుర్తులు వచ్చాయి. ఎవరూ ఏమీ అనలేదు. మాటలు రాక మెచ్చుకుంటున్నారనుకున్నాను.

శుక్రవారం బడికి వచ్చింది ఇరవై ముగ్గురు. గంట కొట్టేలోపే జీవమ్మ వచ్చింది. గేటు దగ్గరే చెప్పులు విడిచి, వరండా దాకా వచ్చి, కాగితాలను చూసి అక్కడే ఆగిపోయింది.

"ఇదేంది టీచరమ్మా?"

"ఆట అవ్వా. శివానికి పదమూడు అక్షరాలు వచ్చినాయి. నేను చెప్పినట్టే చూపించాను కదా."

"సూసినా. ఫోన్లో సూసినా. ఊరంతా సూసింది. నా మనవరాలు సరస్వతిని తొక్కుతాంటే నువ్వు నగుతాండావు."

"అవ్వా, అది కాగితం. సుదర్శన్ అంగట్లో జిరాక్సు. ఎక్కడెక్కడి టీచర్లో వందమంది బాగుందని రాసినారు. ఇలా నేర్పితే వస్తుందని చదువుకున్నవాళ్లు తేల్చినారు."

"ఎవురు తేల్చినారో నాకు తెలీదు. తొక్కితే వచ్చే సదువు మాకొద్దు."

అప్పుడు నా నోరు జారింది. ఇరవై ముగ్గురు పిల్లల ముందు, ఆ ముసలావిడతో అన్నాను. "నాలుగు ముక్కలు చదవడం రాని మీరు నాకు చదువు చెప్పడం నేర్పిస్తారా?"

జీవమ్మ నా మొహంలోకి చూసింది. కోపం లేదు. అందుకే నాకు ఇంకా ఎక్కువ భయం వేసింది.

"అవును తల్లీ, రాదు. రాదు కాబట్టే చెప్తాండా. మీకేమి, మీ ఇంట్లో అచ్చరాలు శానా ఉండాయి, కాలి కింద పడినా కానరాదు. మాకు ఒక్కటీ లేదు. నేను యాడన్నా వేలిముద్ర వేయాలంటే కూడా అచ్చరం మీద వేయను. అది పక్కనుంటాది గదా, ఖాళీ జాగా, ఆడ వేస్తా. ఆపీసులో ఆయప్ప తిట్టినా సరే, ఆడనే వేస్తా."

పిల్లల మధ్య ఉన్న మనవరాలి చెయ్యి పట్టుకుంది. "సోమవారం పొద్దున్నే బండి వస్తాది. ఇది మాతో వస్తాది" అని చెప్పి, గేటు దగ్గర చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది. శివాని రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది.

ఆ మధ్యాహ్నం నేను అందరి మీదా కోపపడ్డాను. ఆ కాగితాలు తయారుచేసిన టీచర్ మీద, మెచ్చుకున్న వందమంది మీద, వీడియో పెట్టిన నా వేలి మీద. పిల్లలు అన్నం తింటుంటే ఒక్కదాన్నే వరండాలో కూర్చుని కాగితాలు ఊడబెరకడం మొదలుపెట్టాను. ఒక్కో అక్షరం మీద చిన్న చిన్న పాదాల దుమ్ము. మా కోయిలకుంట్ల ఇంట్లో పుస్తకానికి పొరపాటున కాలు తగిలితే కళ్లకద్దుకునే దాకా మా అమ్మ ఊరుకునేది కాదు. లెక్కల పుస్తకం దాటి నడిచానని ఒకసారి మా నాన్న వీపు మీద ఒక్కటి వేశాడు కూడా. అంత తెలిసిన దాన్ని, ఫోన్లో ఉంది కదా అని ఉన్నది ఉన్నట్టు తెచ్చి నేలకు అతికించాను. పిల్లలు వద్దని వంగి మరీ చెప్తే గదమాయించాను. పిల్లలకు ఉన్న బుద్ధి నాకు లేకపోయిందని నాకు ఏడుపొచ్చింది.

తడిగుడ్డతో తుడుస్తుండగా జీవమ్మ మాట మళ్లీ చెవిలో పడింది. అక్షరం పక్కన ఖాళీ జాగా. కాగితాలన్నీ వరండా గోడకు, పిల్లల భుజాల ఎత్తున అతికించాను. ఒక్కో కాగితం కింద నేల మీద సుద్దముక్కతో ఒక ఖాళీ గడి గీశాను. అక్షరం గోడ మీద ఉంటుంది, కాలు గడిలో పడుతుంది, చెయ్యి అక్షరాన్ని తాకుతుంది.

శనివారం ఆడించాను. నిజం చెప్పాలంటే ముందటి దానికంటే ఇదే బాగుంది. నేల మీద ఉన్నప్పుడు అవతలి వైపు నిలబడ్డ పిల్లలకు అక్షరం తలకిందులుగా కనబడేది, ఆ సంగతి కూడా నేను గమనించలేదు. ఆ సాయంత్రం ట్యాంకు మెట్లెక్కి, ఆ కాగితాల కింద నూటపదో మెచ్చుకోలు తర్వాత, మా ఊళ్లో ఏం జరిగిందో, అక్షరం గోడకు, గడి నేల మీద పెట్టుకుంటే ఎలా ఉందో నాలుగు వాక్యాలు రాశాను. తల్లిదండ్రుల గ్రూపులో కొత్త ఆట ఫొటో పెట్టాను. శుక్రవారం మానేసిన పిల్లల్లో చాలామంది ఆట మారిందని విని ఆ మధ్యాహ్నానికే వచ్చేసి ఉన్నారు. శివాని రాలేదు.

ఆదివారం సెలవే అయినా ఆటో పట్టుకుని తిప్పనహళ్లి వెళ్లాను. కాగితాలు తీసుకెళ్లాలా అని ఆలోచించాను. తీసుకెళ్తే బేరానికి వచ్చినట్టు ఉంటుందని వట్టి చేతులతోనే వెళ్లాను.

వాళ్ల వాకిట్లో మూటలు కడుతున్నారు. ఎండు జొన్నరొట్టెలు ఒక సంచిలో, గిన్నెలు ఒక గోతంలో, గుడిసె వేసుకోవడానికి నీలం పట్ట. పరమేష్ "రాండి మేడం" అని లేచాడు. మహేశ్వరి చాప తెచ్చి వేసింది. నేను కూర్చోలేదు. కూర్చుంటే చెప్పలేనేమోనని భయం. ఇరుగుపొరుగు ఆడవాళ్లు ఇద్దరు ముగ్గురు అరుగుల మీద నుంచి చూస్తున్నారు. నా జీవితంలో ఎవరికీ ఆ మాట నేరుగా చెప్పింది లేదు. మా అమ్మతో కూడా తలుపు చాటునుంచి గొణిగేదాన్ని.

"అవ్వా, నాది తప్పు" అన్నాను. "అక్షరాలు నేల మీద పెట్టడం తప్పు. పిల్లలు మొక్కుతుంటే వద్దనడం ఇంకా తప్పు. చదువు రాదని నిన్ను పిల్లల ముందర అనడం అన్నిటికంటే తప్పు. నన్ను క్షమించు."

జీవమ్మ గోతం మూతి బిగించి ముడి వేసింది. ఇంకో ముడి వేసింది. తర్వాత తలెత్తి, "మజ్జిగ తాగుతావా" అని అడిగింది.

చాప మీద కూర్చుని తాగాను. గోడకు అతికించిన సంగతి, ఖాళీ గడుల సంగతి చెప్పాను. శివాని గుంజను పట్టుకుని వింటూ, ఉన్నచోటనే రెండు కాళ్లతో చిన్నగా ఎగురుతూ ఉంది. జీవమ్మ "ఊ" కొడుతూ ఇంకో గోతం అందుకుంది. నేను లేస్తుంటే మాత్రం, "పొద్దున ఎనిమిదికి బండి. గుడి కాడ నిలబడతాది" అంది. రమ్మందో, వాళ్లు వెళ్లిపోతున్నారని గుర్తు చేసిందో అర్థం కాలేదు. పోయింది, ఈ ఏడు కూడా పోయింది అనుకుంటూ ఇంటికొచ్చాను.

సోమవారం ఏడున్నర ఆటోకే వెళ్లాను. లారీ అప్పటికే నిలబడి ఉంది. ముప్పై మంది దాకా ఎక్కేశారు. కూలీల మేస్త్రి కంబన్న చిన్న పుస్తకం పట్టుకుని పేర్లు పిలుస్తున్నాడు. మూటల మీద, తల్లి పక్కన, శివాని. నన్ను చూసి చెయ్యి ఊపింది. నేనూ ఊపాను. పిల్లను దించమని అడగలేదు, ఎవరినీ బతిమాలలేదు. ఆ హక్కు నాకు లేదనిపించింది.

"జీవమ్మా" అని పిలిచాడు కంబన్న. ఆమె లారీ కింద నిలబడి ఉంది. ఎక్కలేదు. పైకి చూసి, "శివానీ, దిగు" అంది.

"ఏందమ్మా?" అన్నాడు పరమేష్.

"నేనూ పిల్లా ఈడనే ఉంటాం. నా మూట కిందికెయ్యి."

"పేరు రాసుకున్నా గదవ్వా, ఆడ రైతుకు ఇంతమంది వస్తాండారని చెప్పినా" అన్నాడు కంబన్న.

"కొట్టేయప్పా. ముసల్ది లేకుంటే కాయలు చెట్టు మీదనే ఉండిపోవు."

మహేశ్వరి కూతుర్ని గట్టిగా పట్టుకుని ఒక్క క్షణం వదల్లేదు. తర్వాత నుదుటి మీద ముద్దు పెట్టి, ఎత్తి కిందికి అందించింది. శివాని అమ్మ కావాలని ఏడుపు అందుకుంది. లారీ కదిలింది. మహేశ్వరి కొంగు నోట్లో కుక్కుకుని ఊరి చివరి దాకా మా వైపే చూస్తూ పోయింది. ఆ చూపుకు నేను కూడా బాధ్యురాలినే. నేను గెలిచానని ఒక్క క్షణం కూడా అనిపించలేదు.

జీవమ్మ మూట నెత్తికెత్తుకోబోతుంటే అడిగాను. "అవ్వా, గోడ మీద ఆట బాగుందని ఎవరైనా చెప్పినారా?"

"ఆటదేముంది. నేను సూడనే లేదు."

"మరి?"

మూట కింద పెట్టి కొంగుతో మొహం తుడుచుకుంది. "మా అన్నను ఎండలో మోకాళ్ల మీద నిలబెట్టినాడు ఒక పంతులు. ఆపొద్దు నుంచి మాయన్న బడికి పోలేదు. నన్ను వాకిట్లోనే నిలబెట్టి, ఆడపిల్లకెందుకని తరిమినాడు ఇంకొక పంతులు. నా కొడుకును మొద్దు అన్నాడు ఇంకొకాయప్ప. ఇంతమందిని సూసినా. నాది తప్పు అన్న పంతులును నేను ఇంతవరకూ సూడలేదు. నిన్న మా వాకిట్లో, నలుగురు ఇంటాండగా నువ్వన్నావు. రాత్రంతా దాన్నే తలుసుకుంటి. అట్లాంటి బడిలో ఉంటే పిల్లకు అచ్చరాలు రాకున్నా పర్వాలేదు, ఉండనీ అనుకుంటి."

ఎన్ని శిక్షణ తరగతులకు వెళ్లానో, ఎన్ని కాగితాలు దింపుకున్నానో, ఈ మాట నాకు ఎవరూ చెప్పలేదు. కళ్లలోంచి నీళ్లు కారుతుంటే దాచుకోవాలని కూడా తోచలేదు.

"నువ్వెందుకు ఏడుస్తాండావు? బడికి టైమయింది, పిల్లను తీసకపో" అంది జీవమ్మ.

శివాని ఏడుపు ఆపలేదు, నేనూ ఆపలేదు. ఇద్దరం చెయ్యీ చెయ్యీ పట్టుకుని బడి వైపు నడిచాం.